దిగులుంటేనే కీబోర్డు

ఆ రోజుకు పాటల టీచర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అరచేయంత అట్టముక్క మీద నీలం సిరాతో రాసుకుంది. తొమ్మిదిన్నరకు పలకరింపు పాట, తొమ్మిదీ నలభైకి ముఖాల బోర్డు, తర్వాత వాయిద్యాలు, పదింటికి పెద్ద మేడమ్ రాక, పదిన్నరకు అందరూ కళ్లు మూసుకుని మౌనం. ఆ మౌనం కింద రెండు గీతలు కూడా గీసుకుంది. నాలుగేళ్ల పిల్లలు పద్నాలుగు మందిని ఎదురుగా పెట్టుకుని మౌనం కింద గీతలు గీసుకునే మనిషికి ఎంత ఆశ ఉండాలో మీరే ఊహించుకోండి.

ఆమె ఆ చిన్నపిల్లల బడిలో చేరి మర్నాటికి ఆరు నెలలు. ఆరు నెలలు చూసి ఉంచుకోవాలో పంపేయాలో తేల్చేది పెద్ద మేడమ్. అంతకంటే పెద్ద గండం ఇంకొకటుంది. పొద్దున్నే ఆ తరగతిలో జరిగే గంటసేపు పాటల సమయాన్ని ఎత్తేసి, దాని బదులు అంకెలు దిద్దించాలని పెద్ద మేడమ్ ఆలోచన. "పిల్లలు బడికొచ్చేది డోళ్లు బాదడానికి కాదు" అని ఆమె ఇప్పటికి రెండుసార్లు అంది. మూడోసారి అనేముందు ఒక్కసారి కళ్లారా చూస్తానని ఒప్పుకుంది. ఆ చూడటం ఈ రోజే. పాటల సమయం లేని బడికి పాటల టీచర్ ఎందుకు? కాబట్టి ఆ గంటలో రెండూ తేలిపోతాయి.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే లోపలి గదిలోంచి అక్క కేక వేసింది.

"ఏమేవ్, మంచం కింద నా కీబోర్డేదీ?"

"నిన్నే బడికి పట్టుకెళ్లాను. నువ్వు దాన్ని ముట్టుకుని నాలుగేళ్లయిందిగా!"

"ముట్టుకోకపోతే నాది కాకుండా పోతుందా? అయినా పిల్లలు ఏడిస్తే చేతిలో ఓ బిస్కెట్ పెడితే పోయేదానికి, ఈ హంగామా అంతా ఎందుకే?"

"బిస్కెట్ పెడితే ఏడుపు ఆగుతుందక్కా. ఎందుకు ఏడ్చాడో వాడికి తెలీదు."

"నీకు తెలుస్తుందా?"

"అందుకేగా రెండేళ్లు చదివింది" అని చెల్లెలు దర్జాగా గడప దాటింది. రెండేళ్లు చదివినవాళ్లకు తెలియనివి నాలుగేళ్లవాళ్లకు ఎన్ని తెలుసో ఆమెకు అప్పటికింకా తెలియదు.

ఆమె పద్ధతి ఇదీ. తరగతి గుమ్మం పక్కన ఒక బోర్డు, దాని మీద నాలుగు ముఖాలు. నవ్వే ముఖం, కోపం ముఖం, బెదిరిన ముఖం, దిగులు ముఖం. ప్రతి పిల్లకూ తన ఫొటో అతికించిన బట్టల క్లిప్పు ఒకటుంటుంది. పొద్దున్నే వచ్చి, ఆ రోజు మనసెలా ఉందో చూసుకుని, ఆ ముఖం కింద క్లిప్పు తగిలించాలి. ఒక్కో ముఖానికి ఒక్కో వాయిద్యం. సంతోషానికి చిరుగంటలు, కోపానికి డోలు, భయానికి గిలక్కాయలు, దిగులుకు పిల్లనగ్రోవి. పద్ధతి బాగానే పనిచేసింది. కోపం వచ్చిన పిల్లలు పక్కవాళ్లను కొరకడం మానేసి డోలు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. వచ్చిన చిక్కల్లా పిల్లనగ్రోవితోనే. అది ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి తిరిగి, ఒక్క జలుబు వారం తిరిగేసరికి పద్నాలుగు జలుబులైంది. దాంతో దానికి సెలవిచ్చి, దిగులుకు కొత్త వాయిద్యంగా అక్క కీబోర్డు తెచ్చింది టీచర్.

నిన్న మధ్యాహ్నం ఇళ్లకు పంపేముందు దాన్ని ఐదు నిమిషాలు పిల్లలకు చూపించింది. మీట నొక్కితే ఎర్రగా, పచ్చగా దీపాలు వెలిగాయి. పక్కనున్న పసుపు మీట నొక్కితే దీపాలన్నీ ఒక్కసారిగా గంతులేస్తూ, దానంతట అదే బ్యాండుమేళంలా మోత మోగించింది. "ఇది దిగులుగా ఉన్నవాళ్లకే, సరేనా?" అని టీచర్ మెల్లగా చెప్పింది. తరగతి తరగతంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఆరు నెలల్లో వాళ్లంత శ్రద్ధగా ఏదీ వినలేదు. ఆమె పొంగిపోయింది.

మర్నాడు, అంటే మన కథ జరిగిన ఉదయం, తొమ్మిదిన్నరకల్లా బోర్డు మీద పద్నాలుగు క్లిప్పులూ దిగులు ముఖం కిందే ఉన్నాయి. చోటు చాలక ఒకదానికొకటి తగిలించుకున్నారు. నవ్వే ముఖం కింద ఖాళీ. కోపం ముఖం కింద ఖాళీ. డోలు కోసం రోజూ కొట్టుకునే సింహం కూడా, అంటే ప్రతి మాటకూ గర్జించే పిల్లవాడు కూడా, బుద్ధిగా దిగులు ముఖం కిందే తేలాడు.

కూతుర్ని దింపడానికొచ్చిన ఒక తల్లి ఆ బోర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేంటి టీచర్? మా చిట్టెలుక దారి పొడుగునా పాడుకుంటూ వచ్చిందే! ఇక్కడికి రాగానే ఇంత దిగులేంటి? మీరేమన్నా అంటున్నారా పిల్లల్ని?"

"అయ్యో, లేదండీ! పిల్లలు... వాళ్ల మనసు వాళ్లు తెలుసుకుంటున్నారు."

"మా ఇంట్లో తెలుసుకోవాల్సినంత మనసేం లేదండీ దానికి" అని ఆ తల్లి అనుమానంగా చూస్తూ వెళ్లిపోయింది.

టీచర్ గడియారం చూసింది. పెద్ద మేడమ్ రావడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. ఈలోగా ఈ పద్నాలుగు దిగుళ్లను ఒక దారికి తేవాలి. అందుకని పలకరింపు పాట కూడా మానేసి, తన చదువంతా గుర్తు తెచ్చుకుని, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి చెప్పింది.

"చూడండి కన్నలూ, ఊరికే దిగులంటే కుదరదు. ఎందుకో చెప్పాలి. చిన్న దిగులైతే ఒక్క నిమిషం వాయించుకోవచ్చు. పెద్ద దిగులైతే ఐదు నిమిషాలు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆమె అడుసులో కాలు పెట్టింది ఆ మాటతోనే. ఒకటి కంటే ఐదు పెద్దదని ఆ తరగతిలో ఎవరూ దిద్దించకుండానే అందరికీ తెలుసు.

మొదట సింహం లేచాడు. "నా చెప్పు తెగింది." ఒక నిమిషం. తర్వాత చిట్టెలుక లేచింది. "అమ్మ నా జుట్టు గట్టిగా దువ్వింది." ఒక నిమిషం. ఇద్దరూ చెరో నిమిషం వాయించి, ఇలా మొదలుపెట్టామో లేదో అప్పుడే అయిపోయిందేమిటని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు తరగతిలో కనిపించిన మొదటి నిజమైన దిగులు అదే.

మిగతావాళ్లు అదంతా జాగ్రత్తగా గమనించారు. అప్పుడు లాయరు లేచాడు.

లాయరు అన్న పేరు ఆ పిల్లవాడికి బడిలోని ఆయమ్మ పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ నిక్కించి, "మీరు నిన్న అలా అనలేదు" అనడం వాడికి అలవాటు. రోజూ వాణ్ణి బడికి తెచ్చేదీ తీసుకెళ్లేదీ వాళ్ల తాత. ముప్పై ఏళ్లు వాచీలు బాగుచేసి, చూపు అలిసిపోయి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. గేటు దగ్గర ఆయమ్మకు రోజుకొక జోకు చెప్పిగాని కదిలేవాడు కాదు. ఆ రోజు మాత్రం ఆయన రాలేదు. లాయరును వాళ్లమ్మ హడావిడిగా దింపి పరుగెత్తింది.

"టీచర్" అన్నాడు లాయరు చేతులు వెనక్కి కట్టుకుని. "మా తాత చచ్చిపోయాడు."

టీచర్ గబగబా వాడి దగ్గరికి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని వాడి భుజాలు పట్టుకుంది. "ఎప్పుడు నాన్నా?"

"నిన్న." కాసేపు ఆలోచించి సవరించాడు. "రాత్రి."

"ఎలా కన్నా?"

"పడుకుని."

ఇంకేం కావాలి? అన్నీ సరిపోయాయి. రోజూ వచ్చే మనిషి రాలేదు. తల్లి మొహం చూపించకుండా వెళ్లిపోయింది. ఈ పసివాడు ఇంత బరువు గుండెల్లో పెట్టుకుని, వరసలో తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు! టీచర్‌ ఐదు వేళ్లు చూపించింది.

"ఐదంటే మొత్తం ఐదేనా? మధ్యలో ఆపరుగా?" అని నిర్ధారించుకుని, లాయరు వెళ్లి కీబోర్డు ముందు కూర్చుని పసుపు మీట నొక్కాడు. బ్యాండుమేళం అందుకుంది. దీపాలు గంతులేశాయి. వాడు కూర్చున్నచోటే భుజాలు ఎగరేస్తూ చిందులేశాడు. పిల్లలు దుఃఖాన్ని ఆటలో దాచుకుంటారని టీచర్ ఏదో పుస్తకంలో చదివింది. 'పాపం, ఎలా దిగమింగుతున్నాడో' అనుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మూల నిలబడి గ్లాసులు సర్దుతున్న ఆయమ్మ ఆ పని వదిలేసింది. "అయ్యో నా తండ్రీ! నిన్న కూడా జోకు చెప్పి వెళ్లాడే మహానుభావుడు" అని ముక్కు చీదుకుంటూ తిన్నగా ఆఫీసు గదికి వెళ్లింది.

ఆఫీసులో గుమాస్తా ఉన్నాడు. ఏ పనినీ రేపటికి వాయిదా వేయకపోవడం ఆయనకున్న జబ్బు. ఆయమ్మ మాట పూర్తి కాకముందే రిజిస్టరు తీసి, లాయరు పేరు ఎదురుగా 'తాతగారి మరణం' అని సిరాతో రాసేశాడు. ఆ పైన వాడి తల్లికి ఫోన్ చేశాడు. ఆమె ఒక పళ్ల డాక్టరు దగ్గర వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగి.

"అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నాను. మీ మామగారి సంగతి ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉందమ్మా. బాబును తీసుకెళ్తారా, సాయంత్రం దాకా ఉంచమంటారా?"

"మామయ్య సంగతా? ఏ సంగతండీ?"

గుమాస్తా గతుక్కుమన్నాడు. "అయ్యయ్యో! మీకింకా తెలీదా?" అని, ఇలాంటివి ఫోన్‌లో చెప్పకూడదన్న మర్యాద అప్పుడు గుర్తొచ్చి, చటుక్కున పెట్టేశాడు.

ఇక్కడ తరగతిలో పిల్లలంతా మౌనంగా ఉన్నారు. టీచర్ అది సానుభూతి అనుకుంది. కాదు, లెక్క. తాతకు ఐదు నిమిషాలు వచ్చాయి. చెప్పుకు ఒక్కటే వచ్చింది. విషయం బోధపడటానికి అర నిమిషం పట్టింది, అంతే.

"టీచర్, మా అమ్మమ్మ కూడా చచ్చిపోయింది" అంది చిట్టెలుక. ఇంకో ఆలోచన తట్టింది. "రెండుసార్లు."

"మా పిల్లి!" అని ఒకడు, "మా పిన్ని, బాబాయి, వాళ్ల కుక్క!" అని ఇంకొకతె. తనకు చెప్పు తప్ప ఏమీ పోలేదన్న బాధతో సింహం గర్జించాడు. "మా ఇంట్లో అందరూ పోయారు!"

"నాన్నా, నిన్ను ఇందాక మీ నాన్నే కదా దింపి వెళ్లారు?"

"దింపాక పోయాడు" అన్నాడు సింహం తడుముకోకుండా.

ఈ గోలలో లాయరు ఐదు నిమిషాలూ ఎప్పుడో దాటిపోయి పదింటి వేళైందని టీచర్ చూసుకోనేలేదు. సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక ఫైలు, ఆ ఫైల్లోంచి తొంగిచూస్తున్న తెల్ల కాగితం. పాటల సమయం ఎత్తేస్తున్నట్టు ఆర్డరు రాసుకునే వచ్చిందన్నమాట. గదిలో బ్యాండుమేళం మోగుతోంది. మధ్యలో ఒక పిల్లవాడు చిందులేస్తున్నాడు. చుట్టూ పదమూడు మంది చేతులెత్తి చచ్చిపోయిన బంధువుల పేర్లు అరుస్తున్నారు. ఆమె నిదానంగా వచ్చి పిల్లల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో మనిషి సగమే పట్టింది. మిగతా సగం మర్యాద మీద నిలబడింది.

"ఏం జరుగుతోంది టీచర్ ఇక్కడ?"

"పిల్లలు... తమ మనసులో మాట చెప్పుకుంటున్నారు మేడమ్."

"అందరి మనసుల్లోనూ చావులే ఉన్నాయేం?"

టీచర్‌ లాయరు వైపు చూసింది. మిగతా పదమూడూ అబద్ధాలని చెవిటివాడికి కూడా తెలుస్తుంది. మరి లాయరుది? మొదట చెప్పింది వాడు. చెప్పిన తీరు కూడా వేరు. ఒకవేళ నిజమే అయితే, తాతను పోగొట్టుకున్న పిల్లవాణ్ణి పట్టుకుని 'నువ్వు చెప్పింది అబద్ధమా' అని అడగడం ఎంత పాపం! అడగకపోతే పాటల సమయం ఆ ఫైల్లోనే సమాధి అయిపోతుంది. మెల్లగా వాడి పక్కన కూర్చుంది.

"నాన్నా, తాత..."

"నాకింకా రెండు నిమిషాలున్నాయి" అన్నాడు లాయరు తల తిప్పకుండా.

ఆ రెండు నిమిషాలు పూర్తికాలేదు. వీధిలో పెద్ద హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే గేటుకు అడ్డంగా సిటీ బస్సు ఆగి ఉంది, నిండా ప్రయాణికులతో. లాయరు వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. భార్య ఏడుస్తూ ఫోన్ చేసింది. తండ్రికి చేస్తే ఆయన ఫోన్ ఎత్తలేదు. బడి ఉన్న వీధి ఎలాగూ తన దారిలోదే కాబట్టి, పళ్ల డాక్టరు దగ్గర ఆగి భార్యను ఎక్కించుకుని, మధ్యలో ఇంకే స్టాపులోనూ ఆపకుండా వచ్చేశాడు. స్టాపులు దాటిపోయినవాళ్లు గొడవ చేయాల్సింది పోయి, సంగతి విని తామూ కళ్లు తుడుచుకుంటూ దిగారు. "ఆఫీసుదేముందమ్మా, రేపూ ఉంటుంది. ఇలాంటప్పుడే మనిషికి మనిషి తోడుండాలి" అంటూ ఒక పెద్దావిడ కూరగాయల సంచీతో సహా తరగతిలోకి వచ్చేసింది.

"టీచర్ గారూ, మా నాన్నకేమైంది? ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు డ్రైవరు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"మీ... మీ బాబే చెప్పాడండీ. రాత్రి పడుకుని..."

"రాత్రా?" అంది లాయరు తల్లి. ఏడుపు టక్కున ఆగింది. "రాత్రి పోతే పొద్దున్న కాఫీ ఎలా తాగుతారండీ? చక్కెర తక్కువైందని నన్ను అన్నారు కూడానూ!"

"మరి ఫోన్ ఎందుకెత్తట్లేదే?" అన్నాడు డ్రైవరు.

"అదే కదా! గుమాస్తాగారేమో 'మీకింకా తెలీదా' అన్నారు. అంటే ఏదో తెలిసినట్టేగా?"

చక్కెర తక్కువైన కాఫీకీ, ఎత్తని ఫోన్‌కూ మధ్య ఏమైనా జరిగి ఉండవచ్చు కదా. ఆ ఆలోచన అందరికీ ఒక్కసారే వచ్చింది. తల్లి మళ్లీ మొదలుపెట్టింది. కూరగాయల పెద్దావిడ ఆమెను పట్టుకుంది. టీచర్ ఎవరిని ఓదార్చాలో తెలియక డోలును పట్టుకుని నిలబడింది.

తెరిచి ఉన్న కిటికీలోంచి గేటు దగ్గర మాటలు వినపడుతున్నాయి. ఎవరో నల్లటి జుట్టున్న పెద్దమనిషి లోపలికి రాబోతుంటే ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు వద్దండీ, తర్వాత రండి. లోపల అంతా విషాదంలో ఉన్నారు."

"ఏమైందమ్మా? ఇది మావాడి బస్సు కదా?"

"మా లాయరు బాబు వాళ్ల తాతగారు పోయారండీ. బంగారంలాంటి మనిషి."

ఆ పెద్దమనిషి గొంతు కొంచెం తగ్గించాడు. "బంగారంలాంటి మనిషా? ఇంకా ఏమంటున్నారు?"

"ఏం చెప్పమంటారు! రోజూ ఇక్కడే నిలబడి నాకో జోకు చెప్పేవాడు. నిజం చెప్పాలంటే ఒక్కటీ బావుండేది కాదనుకోండి. అయినా పెద్దాయన కదాని నవ్వేదాన్ని."

"ఒక్కటీ బావుండేది కాదా?" అన్నాడాయన. ఆ గొంతులో నొప్పి తెలిసింది. ఆ నొప్పిలోంచి ఆయమ్మకు మనిషి కూడా తెలిశాడు. ఆమె వేసిన కేకకు బస్సులో మిగిలిన నలుగురు కూడా దిగి పరుగెత్తుకొచ్చారు.

తాత ఆ పొద్దుటే మంగలి షాపుకు వెళ్లి జుట్టుకు నల్ల రంగు వేయించుకున్నాడు. రంగు ఆరేదాకా కదలొద్దన్నారని ఫోన్ జేబులోనే ఉంచి కూర్చున్నాడు. చివరికి ఓపిక పట్టలేక, తడి జుట్టును రెండు చేతులతో సర్దుకుంటూ మనవడికి చూపిద్దామని ఇటు వచ్చాడు. జరిగిందంతా అంతే. నల్ల జుట్టుతో ఆయన తరగతిలో అడుగుపెట్టగానే డ్రైవరు ఒక్క అంగలో వెళ్లి వాటేసుకున్నాడు. పెద్దయ్యాక తండ్రిని ముట్టుకోవడానికే మొహమాటపడే మనిషి, అంతమంది ముందు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "నాన్నా, నాన్నా" తప్ప ఇంకో మాట రాలేదు.

"ఒరే, ఒరే, వదలరా! రంగింకా ఆరలేదు. నీ చొక్కాకు అంటుకుంటుంది" అన్నాడు తాత. కానీ ఆయన కూడా వదల్లేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. చాలాసేపటికి తేరుకుని అడిగాడు. "ఇంతకీ నేను పోయానని ఎవరన్నారు?"

అందరూ లాయరు వైపు చూశారు.

పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచింది. లేవడం కొంచెం కష్టమైంది, కుర్చీ కూడా వెంట వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టి గంభీరంగా అడిగింది. "బాబూ, అబద్ధం ఎందుకు చెప్పావు?"

లాయరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "దిగులున్నవాళ్లకే అని నిన్న టీచర్ అన్నారు. నాకు దిగులు లేదు. ఇంట్లో అంతా వెతికాను. ఎక్కడా లేదు. తాత పోతే వస్తుందేమోనని అనుకుని చూశాను." అంతవరకూ బాగానే వాదించాడు. ఉన్నట్టుండి కింది పెదవి వణికింది. "ముందు రాలేదు. అందరూ ఏడుస్తుంటే వచ్చేసింది. నిజంగా వచ్చేసింది" అంటూ పరుగెత్తి తాత మోకాళ్లలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తాత వాణ్ణి ఎత్తుకున్నాడు. "నేనున్నానురా, ఇదిగో ఉన్నాను, చూడు" అని వీపు నిమిరాడు.

పాటల టీచర్‌కు ఇక దాచుకోవడానికేం మిగల్లేదు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, కనీసం పిల్లవాడి మీద మచ్చ పడకూడదనుకుంది.

"మేడమ్, తప్పు వాడిది కాదు, నాది. బడిలో ఉన్నవాటన్నిటికంటే మంచి వాయిద్యం తెచ్చి దిగులుకు పెట్టాను. పైగా ఎంత పెద్ద దిగులైతే అంతసేపని చెప్పాను. సంతోషంగా ఉన్నవాళ్లకు గంటలు, ఏడ్చేవాళ్లకు దీపాల కీబోర్డు! నాకు నాలుగేళ్లుంటే నేనూ మా తాతనే చంపేదాన్ని. మీరేం నిర్ణయించినా సరే మేడమ్."

పెద్ద మేడమ్ ఫైల్లోంచి ఆ తెల్ల కాగితం పైకి లాగింది. టీచర్ కళ్లు దించుకుంది. అట్టముక్క మీద గీతలు గీసుకున్న మౌనం అనుకున్న వేళకంటే ముందే వచ్చింది.

ఆ మౌనంలో చిట్టెలుక వచ్చి పెద్ద మేడమ్ చెయ్యి పట్టుకుని లాగింది. "మేడమ్, మీరు క్లిప్పు పెట్టలేదు."

"నాకెందుకమ్మా?"

"లోపలికొచ్చినవాళ్లందరూ పెట్టాలి. అది రూలు."

రూలు అన్న మాటను కాదనడం పెద్ద మేడమ్‌కు ఆ ఉద్యోగంలో ఎన్నడూ అలవాటు కాలేదు. ఫొటో లేని ఖాళీ క్లిప్పు ఒకటి చేతికిచ్చారు. ఆమె బోర్డు ముందుకు వెళ్లి నిలబడింది. పిల్లలు, బస్సు ప్రయాణికులు, తాత భుజం మీద ముక్కు చీదుతున్న లాయరు, అందరూ చూస్తున్నారు. ఆమె చెయ్యి నవ్వే ముఖం దగ్గర ఆగింది. కోపం ముఖం దగ్గర ఇంకాసేపు ఆగింది. చివరికి పద్నాలుగు క్లిప్పుల తోక చివర, దిగులు ముఖం కింద తగిలించింది.

"ఎందుకో చెప్పాలి" అన్నాడు సింహం కఠినంగా.

పెద్ద మేడమ్ చేతిలో కాగితం చూసుకుంది. "ఈ గదిలో పాటలు ఆపేద్దామని రాసుకొచ్చాను. మొన్న రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది."

పిల్లలకు ఇది ఏ లెక్కలో వేయాలో తెలియలేదు. అందరూ లాయరు వైపు తిరిగారు. వాడు తాత భుజం మీంచి తల ఎత్తి, కళ్లు తుడుచుకుని, కేసు విన్నాడు.

"పాటలు ఉండవా? ఇంకెప్పుడూ?"

"అలా రాశాను."

"అది చాలా పెద్ద దిగులు" అన్నాడు లాయరు. "పది నిమిషాలు."

పెద్ద మేడమ్ కాగితం మడిచి ఫైల్లో పెట్టి, చిన్న కుర్చీ కీబోర్డు ముందుకు జరుపుకుని కూర్చుంది. మొదట ఒక వేలితో ఒక మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత రెండు వేళ్లు, ఆ తర్వాత రెండు చేతులు. ఎప్పుడో చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన పాట కాబోలు, మూడింట ఒక వంతు తప్పులే. ఆమె పట్టించుకోలేదు. కూరగాయల పెద్దావిడ తాళం వేసింది. సింహం డోలు అందుకున్నాడు. ఆయమ్మ గిలక్కాయలు తీసుకుని, ఇందాకటి జోకుల మాటకు తాత దగ్గర క్షమాపణ అడుగుతూనే వాయించింది. బస్సు కదలడానికి ఇంకో పావుగంట పట్టింది. డ్రైవరు చొక్కా వెనక రెండు నల్ల చేతిముద్రలతోనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆఫీసు గదిలోంచి గుమాస్తా వచ్చి, సిరాతో రాసిన తాతగారి మరణాన్ని ఏ నియమం కింద కొట్టేయాలో చెప్పమని అడిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

పది నిమిషాలయ్యాక కూడా పెద్ద మేడమ్ లేవలేదు. మీటల మీంచి కళ్లెత్తకుండానే అంది. "టీచర్, మీ ఆరు నెలలు రేపటితో అయిపోతాయి కదూ?"

"అవును మేడమ్."

"ఎల్లుండి కాస్త పెందలాడే రండి. ఈ పాటకు రెండో చరణం మర్చిపోయాను, ఎవరికైనా వచ్చేమో కనుక్కోవాలి."

ఎల్లుండి రమ్మందంటే ఏమిటో అర్థం కావడానికి టీచర్‌కు ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక వెళ్లి తన క్లిప్పు నవ్వే ముఖం కింద పెట్టుకుంది. ఆ పొద్దుటి నుంచి ఆ ముఖానికి అదే మొదటి బోణీ.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని ఆ నియమం మార్చడం. ఇక మీదట ఏ మనసున్నవాళ్లయినా ఏ వాయిద్యమైనా వాయించుకోవచ్చు, సంతోషంగా ఉన్నా కీబోర్డే, కోపంగా ఉన్నా కీబోర్డే, వంతు వచ్చినప్పుడు అందరికీ రెండేసి నిమిషాలు. పిల్లలు హుషారుగా అరిచారు. లాయరు మాత్రం లేచి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అయితే టీచర్, మా తాత ఉండొచ్చా?"

"ఉండాలి నాన్నా. తప్పకుండా ఉండాలి."

లాయరు తృప్తిగా కూర్చున్నాడు. నియమం మారిన సంగతి పెద్ద మేడమ్‌కు కూడా చెప్పారు, కానీ ఆమె పాత పద్ధతే పట్టుకుంది. ఆమెకు రోజూ సరిగ్గా పదింటికి దిగులొస్తుంది.